వేగమే శ్వాసగా బర్ట్ మన్రో

న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో 1920లో ఇండియన్ స్కౌట్ మోటారు సైకిల్ కొన్నారు. పేరు ఇండియన్ అయినా, అది అమెరికా తయారీ. గంటకు సుమారు 88 కిలోమీటర్ల వేగం ఆయనకు చాలలేదు. ఖరీదైన విడిభాగాలు కొనే స్తోమత లేక, పాత డబ్బాలనే అచ్చులుగా వాడి, లోహం కరిగించి పిస్టన్లు పోసుకున్నారు. ఇంజిన్ ఎన్నోసార్లు పగిలింది. విరిగిన భాగాలను పారవేయక, వేగదేవతకు నైవేద్యాలుగా అలమరలో పేర్చుకున్నారు. గుండె జబ్బు బయటపడినా ఆ పని మానలేదు. 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుమైదానంపై వెయ్యి సీసీలలోపు విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 1978లో కన్నుమూశారు. నాటి సగటు లెక్కలోని పొరపాటును 2014లో సరిదిద్దగా, ఆయన వేగం గంటకు 296 కిలోమీటర్లకు పెరిగింది.