కాటన్ దొర - ధవళేశ్వరం కట్టడాలు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమన్నప్పుడు నాకు తోచిన పేరు సర్ ఆర్థర్ కాటన్. మా బషీర్‌బాగ్‌కు దగ్గరలోని ట్యాంక్‌బండ్‌పై 1986లో నెలకొల్పిన విగ్రహాలలో ఆయనదీ ఒకటి. అయితే ఆయనను తెలుసుకోవాలంటే రాజమండ్రి పక్కనున్న ధవళేశ్వరం వెళ్ళాలి.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో మద్రాసు వచ్చి ఇంజనీరుగా పనిచేశారు. 1836లో తంజావూరు సీమలో కొల్లిడంపై ఆనకట్టలు కట్టి పేరు పొందారు. ఆ రోజులలో గోదావరి జిల్లాలో కరువులు, ఉప్పెనలు ప్రజలను పీడించాయి. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. నిండు గోదావరి పక్కనే పారుతుండగా జనం ఆకలితో అలమటించారు.

కాటన్ దేశమంతా తిరిగి చూసి ప్రభుత్వానికి నివేదికలు పంపారు. ఫైళ్ల మధ్యనే ఉద్యోగం చేసిన నాకు ఆయనలో బాగా నచ్చేది ఇదే. జాలి ఒక్కటే చెబితే కంపెనీవారు వినరని ఎరిగి, నీరిస్తే శిస్తు ఎంత పెరుగుతుందో కూడా చూపించారు. 1846 చివర మంజూరు వచ్చింది. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. లంకల మధ్య చీలిన నదికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట వేశారు. రాయి దగ్గరి కొండలలోనే దొరికింది. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్నగారిని కూడా మనం మరువరాదు.

ఆ పనితో చిన్న ఊరైన ధవళేశ్వరంలో కార్ఖానాలు, కార్యాలయాలు, లాకులు వెలిశాయి. కాలువల మీద పడవలు సరుకులు మోశాయి. కోనసీమ గన్నవరం వద్ద వైనతేయపై కాలువను దాటించిన పాత అక్విడక్టు కూడా ఆనాటిదే.

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. రైళ్లకన్నా కాలువలే దేశానికి మేలని వాదించినందుకు స్వదేశంలో ఆయనకు విమర్శలు ఎదురయ్యాయి. 1878లో, 75 ఏళ్ల వయసులో, పార్లమెంటు సంఘం ముందు నిలబడి జవాబు చెప్పుకున్నారు. 1899 జూలై 24న కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానంలో 1982లో వచ్చిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. అక్కడ మ్యూజియం కూడా ఉంది. కానీ లాకులు, పాత భవనాలు శిథిలమైతే తిరిగి కట్టలేము. సభ్యులారా, అటు వెళ్ళినప్పుడు మనుమలకు వాటిని చూపండి. గోడ పగిలి కనిపిస్తే సంబంధిత శాఖకు ఒక అర్జీ రాయండి. ఆ విద్య మనకు బాగా వచ్చు కదా!