తండ్రీ కొడుకుల ఇనుప బాట

ఇనుప పట్టాలమీద ఆవిరి బండిని నడిపించి లోకానికి వేగం నేర్పినవారిలో జార్జి స్టీఫెన్‌సన్ అగ్రగణ్యుడు. ఆయన పేరు వినని విద్యార్థి అరుదు. కాని ఆ యంత్రాల వెనుక ఒక తండ్రి హృదయం ఉన్నదని ఎరిగినవారు తక్కువ.

ఉత్తర ఇంగ్లండులో, న్యూకాజిల్ నగరానికి చేరువగా ఉన్న వైలం అనే పల్లెలో 1781 జూన్ 9న జార్జి జన్మించాడు. తండ్రి బొగ్గుగనిలో నీరు తోడే ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే కూలి. బిడ్డలను బడికి పంపే స్తోమత ఆ ఇంట లేదు. పసితనంలో పశువులను కాచిన జార్జి పదిహేడవ ఏటికే యంత్రాన్ని నడిపే పనివాడైనాడు. కాని అక్షరజ్ఞానం లేదు. పద్దెనిమిదవ ఏట, పగలు పనిచేసి, తన కూలిడబ్బుతో రాత్రి బడిలో చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్చుకొన్నాడు.

1802లో ఫ్రాన్సెస్ హెండర్సన్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం కుమారుడు రాబర్ట్ కలిగాడు. 1805లో పుట్టిన ఆడశిశువు కొద్ది వారాలకే కన్నుమూసింది. 1806లో క్షయవ్యాధి భార్యను కబళించింది. పసివాణ్ణి ఇతరులకు అప్పగించి, పనికోసం స్కాట్లండు వెళ్లి తిరిగివచ్చేసరికి, ఆవిరి యంత్ర ప్రమాదంలో తండ్రి కన్నులు పోయి ఉన్నాడు. తల్లిదండ్రుల పోషణభారం కూడా జార్జిపైనే పడింది.

ఇంత కష్టంలోను ఆయన ఒక్క నిశ్చయాన్ని విడువలేదు. చదువులేమివల్ల తాను పడిన పాట్లు కొడుకు పడరాదు. చెల్లెలు ఎలినార్ ఇల్లు చూచుకొన్నది. గనిలో పని ముగిసిన పిదప జార్జి గడియారాలు బాగుచేసి, చెప్పులు కుట్టి, ఆ డబ్బు కుమారుని చదువుకై కూడబెట్టాడు. న్యూకాజిల్ బడిలో చదివే బాలుడు గ్రంథాలయం నుండి శాస్త్రగ్రంథాలు తెచ్చేవాడు. రాత్రి వేళ తండ్రీ కొడుకులు కలిసి చదివేవారు. బాలుడు నేర్చిన పాఠమే తండ్రికి పాఠం. 1816లో ఇద్దరూ లెక్కకట్టి చెక్కిన నీడగడియారం కిలింగ్‌వర్త్‌లోని వారి ఇంటి వాకిలిపై నేటికీ ఉన్నది.

అప్పటికే, 1814లో, జార్జి తన తొలి ఆవిరి బండిని నిర్మించాడు. 1823లో న్యూకాజిల్‌లో యంత్రశాల నెలకొల్పినప్పుడు దానికి పెట్టిన పేరు తనది కాదు, పందొమ్మిదేండ్ల కొడుకుది. మరుసటి యేడు రాబర్ట్ దక్షిణ అమెరికా గనులకు వెళ్లాడు. 1825లో లివర్‌పూల్–మాంచెస్టరు రైలుమార్గ విషయమై పార్లమెంటు సంఘం ఎదుట జార్జి నిలువవలసి వచ్చింది. సహాయకులు చేసిన కొలతలలో తప్పులున్నవి. న్యాయవాదుల ప్రశ్నలకు ఆయన తడబడ్డాడు, ఆయన పల్లెయాస నవ్వులపాలయింది, బిల్లు వీగిపోయింది. ఆ అవమానవేళ కుమారుడు సముద్రాల కావల ఉన్నాడు.

జార్జి కుంగిపోలేదు. ఆ సెప్టెంబరు 27న స్టాక్టన్–డార్లింగ్‌టన్ మార్గంపై తన బండిని స్వయంగా నడిపాడు. 1826లో పార్లమెంటు లివర్‌పూల్ మార్గానికి అనుమతినిచ్చింది. చాట్ మాస్ అనే ఊబినేలపై పొదలను, కొమ్మలను కట్టలుగా పరచి, దానిమీద పట్టాలు నిలిపాడు. 1827లో రాబర్ట్ తిరిగివచ్చాడు. అతని పర్యవేక్షణలో తయారైన రాకెట్ అనే బండి 1829లో రెయిన్‌హిల్ పోటీలో గెలిచింది. 1830 సెప్టెంబరు 15న ఆ మార్గం ప్రారంభమైంది.

1848 ఆగస్టు 12న జార్జి పరమపదించాడు. 1853లో బొంబాయి–ఠాణా మార్గాన్ని నిర్మించిన ప్రధాన ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ రాబర్ట్ వద్ద పని నేర్చినవాడే. కిలింగ్‌వర్త్ గనిబండ్ల దారి కొలతకు అర అంగుళం చేర్చగా స్థిరపడిన 4 అడుగుల 8½ అంగుళాల వెడల్పుతోనే నేడు హైదరాబాదు మెట్రో పట్టాలున్నవి.

కొడుకు పుస్తకం ముందు శిష్యుడై కూర్చున్న ఆ తండ్రిని ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు పరిచయం చేయాలి. చదువురాని తల్లిదండ్రులున్న పిల్లలు మన బడులలో ఇంకా ఉన్నారు. తాము నేర్చినది సాయంకాలం ఇంటివద్ద వారికి చెప్పడం ఆ పిల్లలకూ సాధ్యమే.