ఆరు దినముల పరుగు

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 9:24–27



ఎరిక్ లిడ్డెల్ ఆదివారమున పరుగెత్తనన్న ఆటగాడని మీలో అనేకులు వినియున్నారు. బోధకులమైన మేము ఆయన పరుగెత్తని ఆ ఒక్క దినమును గూర్చి తరచుగా చెప్పి, పరుగెత్తిన దినములను విడిచిపెట్టుచున్నాము. ఈ నెల ఆ విడిచిన భాగమును చెప్పగోరుచున్నాము.

ఆయన 1902 జనవరి 16న చీనా దేశమందలి టియెన్‌ట్సిన్ పట్టణములో జన్మించెను. తలిదండ్రులు స్కాట్లండు వారు. లండన్ మిషనెరీ సొసైటీ సేవకులు. 1805లో మన విశాఖపట్టణమునకు సువార్తికులను పంపిన సొసైటీ అదియే. చిన్నతనముననే ఆయనను, అన్నను ఇంగ్లండులో మిషనెరీల కుమారుల పాఠశాలయందు చేర్చిరి.

1920లో ఆయన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రము చదువ మొదలుపెట్టెను. మరుసటి యేట అక్కడి పందెములలో గెలిచిన తరువాత టామ్ మెకెర్చర్ అను శిక్షకుడు ఆయనను చేపట్టెను. లిడ్డెల్ పరుగు చూచుటకు అందమైనది కాదు. తల వెనుకకు వాలును, చేతులు గాలిలో ఎగురును. ఆ తీరును మార్చుటకంటె, బిగిసిన కండరములను సడలించుట, గీతయొద్దనుండి బయలుదేరుట మొదలైన వాటినే శిక్షకుడు మరల మరల చేయించెను. చదువు, రగ్బీ ఆట, 1923 నుండి సువార్త కూటములు ఉన్నను, ఆయన ఆ అభ్యాసమును విడువలేదు.

1923 జూలైలో స్టోక్ పట్టణమున 440 గజముల పందెములో, బయలుదేరిన వెంటనే మరియొకని తాకిడికి ఆయన క్రింద పడెను. తక్కినవారు సుమారు 20 గజములు ముందుకు పోయిరి. ఆయన లేచి పరుగెత్తి గెలిచెను. లేచుటకు ఒక క్షణపు ధైర్యము చాలును. అందరిని దాటుటకు నెలల తరబడి చేసిన అభ్యాసము కావలసియుండెను.

1924లో పారిస్ ఒలింపిక్ పోటీలు వచ్చెను. ఆయనకు మిక్కిలి అనువైన 100 మీటర్ల పందెపు మొదటి పరుగులు ఆదివారమున పడెను. 1981 నాటి సినిమాలో ఆయన ఓడ ఎక్కునప్పుడు ఈ సంగతి తెలిసినట్లు చూపిరి. నిజముగా అది నెలల ముందే తెలిసెను. పరుగెత్తనని చెప్పుటకు ఒక్క మాట చాలెను. అటుతరువాత ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 200, 400 మీటర్ల పందెములకు సిద్ధపడెను. 400 మీటర్లకు వేగము మాత్రమే చాలదు, ఊపిరియు ఓర్పును కావలెను. జూలై 9న 200 మీటర్లలో మూడవవాడాయెను. జూలై 11న 400 మీటర్లను 47.6 సెకనులలో ముగించి మొదటివాడాయెను.

నాలుగవ ఆజ్ఞలో రెండు భాగములున్నవి. ఏడవ దినమున విశ్రమించుట ఒకటి, ఆరు దినములు కష్టపడుట మరియొకటి (నిర్గమ. 20:9). లిడ్డెల్ రెండింటిని గైకొనెను.

1925లో ఆయన చీనాకు వెళ్లి టియెన్‌ట్సిన్ కళాశాలలో ఉపాధ్యాయుడాయెను. 1937 నుండి యుద్ధము నడుమ, సియావ్‌చాంగ్ ప్రాంతపు పల్లెలలో సేవచేసెను. 1941లో భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపెను. అక్కడ పుట్టిన మూడవ బిడ్డను ఆయన కన్నులార చూడలేదు. 1943లో జపాను వారు ఆయనను వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరములో ఉంచిరి. అక్కడ ఆయన తెల్లవారకమునుపే లేచి, చిన్న దీపము వెలుతురులో వాక్యము చదివి ప్రార్థించెడివాడు. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, ఆటలు ఆడించెడివాడు. 1945 ఫిబ్రవరి 21న మెదడులోని కంతివలన, 43 యేండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించెను. అక్కడ చప్పట్లు లేవు, పతకము లేదు. దినదినము లేచు అలవాటు మాత్రము కడవరకు నిలిచెను.

క్రిస్మసుకు, కోతపండుగకు మన గుడులు నిండును. నాట్లు వచ్చినప్పుడు చాపలు ఖాళీగా ఉండును. మేమును నిందలేనివారము కాము. ఉదయపు గంట కొట్టించి, పడక విడువని దినములు మాకును కలవు. ఒక్క దినపు ఉత్సాహముతో పందెము ముగియదు. కావున ఈ నెల ప్రతి ఉదయము ఒకే వేళకు లేచి, ఒక్క అధ్యాయమైనను చదువుదము. ఒక దినము తప్పినయెడల మరునాడు లేచి మరల మొదలుపెట్టుదము. ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.