సమూహ భేదాల శోధకుడు – మహలనోబిస్

ఒక తరగతి సగటు మార్కులు పెరిగినంత మాత్రాన అందులోని ప్రతి విద్యార్థీ లాభపడినట్లు కాదు. ముందున్నవారి ప్రగతి చాటున వెనుకబడినవారి వెలితి కనుమరుగు కావచ్చు. సగటుతో తృప్తి చెందక, సమూహాల మధ్య గల భేదాలను శాస్త్రీయంగా కొలిచే మార్గం చూపిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులై, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం అభ్యసించారు. స్వదేశానికి మరలివచ్చే ఓడలో బయోమెట్రికా పత్రిక సంపుటాలను ఆసక్తితో పఠించారు. ఆ పఠనమే ఆయనను గణాంకశాస్త్రం వైపు నడిపింది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూనే, ఆచార్య బ్రజేంద్రనాథ్ సీల్ కోరికపై కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలను విశ్లేషించారు.

1931లో ఆయన భారత గణాంక సంస్థను స్థాపించారు. ఎత్తు, బరువు వంటి లక్షణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటి భేదాలను విడివిడిగా కూడితే ఒకే భేదాన్ని రెండుమార్లు లెక్కించే ప్రమాదముంది. ఈ దోషాన్ని నివారిస్తూ, సమూహాల మధ్య అంతరాన్ని కొలిచే సూత్రాన్ని 1936లో పరిపూర్ణంగా వివరించారు. అదే మహలనోబిస్ దూరంగా ప్రసిద్ధి చెందింది. 1941లో ఆ సంస్థలో చేరిన తెలుగు తేజం సి.ఆర్. రావు ఈ కృషిని విస్తరింపజేశారు.

1960లో మహలనోబిస్ మరొక పద్ధతిని ప్రకటించారు. కుటుంబాలను పేదరికం నుండి సంపద వరకు వరుసగా నిలిపి, సమాన సంఖ్యగల శ్రేణులుగా విభజించి, ఒక్కొక్క శ్రేణిని దానికి సాటియైన శ్రేణితో పోల్చడమే ఆ పద్ధతి.

విద్యాపథకాల ఫలితాలను పరిశీలించే నేటి పరిశోధకులకు ఈ ఆలోచనలు ఎంతో ఉపకరిస్తున్నాయి. పథకం పొందిన బాలునికి సాటిరాగల, పథకం పొందని బాలుని ఎంచుకొనుటకు మహలనోబిస్ దూరం ఒక సాధనం. గత మార్కులు, వయస్సు, కుటుంబ ఆదాయం వంటివి ఇరువురికీ దగ్గరగా ఉన్నప్పుడే పోలిక న్యాయమవుతుంది. ఆపై బాలబాలికలకు, గ్రామ పట్టణ వాసులకు ఫలితాన్ని వేరువేరుగా లెక్కిస్తారు. అయితే చిన్న సమూహంలో కనిపించే భేదం యాదృచ్ఛికం కావచ్చు గనుక తొందరపాటు తగదు.

1968లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్న మహలనోబిస్ 1972 జూన్ 28న కన్నుమూశారు. ఆయన జన్మదినాన్ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఎంత మేలు జరిగిందని మాత్రమే గాక, ఎవరికి జరిగిందని కూడా ప్రశ్నించడమే ఆయన జీవితం నుండి మనం గ్రహించవలసిన పాఠం.