యల్లాప్రగడ సుబ్బారావు – రక్తానికి దొరికిన మందు, నరాలకు దొరకని మందు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంసారం పెద్దది, రాబడి తక్కువ. పదమూడో ఏట సుబ్బారావు కాశీకి పోయి అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి బయలుదేరారు. తల్లి దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. ఆ తరువాత మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి ఉత్తీర్ణులయ్యారు. చాలా పుస్తకాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. చదువు మధ్యలో ఆపి మళ్లీ పుస్తకం పట్టిన మీకు అది చిన్న సంగతి కాదు.

మద్రాసు వైద్య కళాశాలలో ఆయన ఖద్దరు ధరించేవారు. శస్త్రచికిత్స ఆచార్యుడికి అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే వ్యాధి అన్న పురుషోత్తంను బలి తీసుకుంది. ఈ వ్యాధిలో తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. కొద్ది రోజులకే మరో సోదరుడు కూడా పోయాడు. అప్పటి వైద్యశాస్త్రం దగ్గర స్ప్రూకు మందు లేదు.

1922లో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు డబ్బు సాయం చేశారు. అది చాలక రాత్రిపూట ఆస్పత్రిలో చిన్నపనులు చేసేవారు. ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలికితీశారు. అయినా ఆయన మనసు రక్తహీనత మీదే ఉండేది.

అప్పుడు అదే బోస్టన్‌లో పర్నిషస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనత మీద పరిశోధన జరుగుతోంది. ఆ వ్యాధి రక్తంతో ఆగదు. ముందు పాదాలు తిమ్మిరెక్కుతాయి, తరువాత నడక తూలుతుంది, కొందరికి మతి కూడా చెదురుతుంది. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్టే నరానికీ ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగు క్షీణించడమే దీనికి కారణం. రోజూ పావుకిలో దాకా కార్జం తినిపిస్తే రోగులు కోలుకుంటున్నారని మైనాట్, మర్ఫీ 1926లో తెలిపారు. కార్జంలో ఉన్న ఆ మందు ఏమిటి? 1930ల్లో సుబ్బారావు కూడా దాన్ని వేరుచేయడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. అది చేతికి చిక్కలేదు.

1940లో ఆయన లెడర్లీ పరిశోధనశాలకు మారారు. అంతకుముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల రక్తహీనత ఈస్టుతో తగ్గుతుందని గమనించారు. ఈస్టులోని ఆ గుణానికి మూలమైన ఫోలిక్ ఆమ్లాన్ని సుబ్బారావు బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. అన్నను తీసుకుపోయిన స్ప్రూ రోగులకు అది బాగా పనిచేసింది.

పర్నిషస్ అనీమియా రోగులకూ ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది. కాని కొందరిలో నరాల క్షీణత ఆగకపోగా ఇంకా ముదిరింది. రక్తపరీక్ష బాగుంటే రోగం తగ్గినట్టు కాదని వైద్యులకు అప్పుడు తెలిసింది. నరాలను కాపాడేది వేరే పదార్థం. దాన్ని 1948లో అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థలు విడివిడిగా ఎర్రని స్ఫటికాలుగా వేరుచేశాయి. అదే విటమిన్ బి12. సుబ్బారావు ఒకప్పుడు కార్జంలో వెతికినది దాన్నే.

అదే ఏడాది ఆగస్టులో ఆయన న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53. స్వదేశానికి తిరిగి రానేలేదు. బోదకాలు పురుగుల మీద పనిచేసే హెట్రజాన్ మందు, కాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలలోనే పుట్టాయి.

బి12 లోపం ఉన్న రోగికి ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఇవ్వకూడదని నేటి వైద్యులు జాగ్రత్తపడతారు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు రావని 1991లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆస్పత్రుల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే.