బాలభటుల పెద్దదిక్కు

పిల్లలకు క్రమశిక్షణ నేర్పాలని కోరుకోవడం సులభం. ఆ క్రమశిక్షణకు ముందుగా తానే లోబడటం కష్టం. ఇతరులకు మార్గం చూపదలచినవారు తమకంటూ కొన్ని లక్ష్యాలను నిర్ణయించుకొని, వాటితో తమను తాము కొలుచుకోవాలి. ఈ సత్యాన్ని ఆచరణలో చూపిన మహనీయురాలు అనీబిసెంట్. హోంరూల్ ఉద్యమ నాయకురాలిగా ఆమె పేరు సుప్రసిద్ధం. స్కౌటులను తెలుగులో బాలభటులని వ్యవహరించేవారు. ఆ బాలభటోద్యమ ద్వారాలను భారతీయ బాలురకు తెరిపించడానికి ఆమె చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

అనీబిసెంట్ 1847 అక్టోబరు 1న లండన్ నగరంలో జన్మించారు. ఐదేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. ఇరవై ఏళ్ళ వయస్సులో ఒక మతాచార్యునితో వివాహం జరిగింది. భావవైరుధ్యాల వల్ల 1873లో ఆ దంపతులు విడిపోయారు. కుమారుడు తండ్రి వద్ద, కుమార్తె తల్లి వద్ద ఉండిపోయారు. ఆమె స్వతంత్ర భావాలనూ, నాటి సమాజం సహించని ఒక గ్రంథాన్ని ప్రచురించడాన్నీ కారణాలుగా చూపి, 1878లో న్యాయస్థానం ఆ కుమార్తెను కూడా ఆమె నుండి వేరుచేసింది. పెరిగి పెద్దవారయ్యాక బిడ్డలిద్దరూ తల్లికి తిరిగి చేరువయ్యారు. కాని వారి బాల్యం ఆమెకు దక్కలేదు.

ఆ దుఃఖం ఆమెను కుంగదీయలేదు. 1888లో లండన్‌లోని ఒక అగ్గిపెట్టెల కర్మాగారంలో పనిచేసే బాలికల, స్త్రీల దుస్థితిని ఆమె పత్రికాముఖంగా లోకానికి వెల్లడించారు. సుమారు 1400 మంది సమ్మెకు దిగి తమ కోర్కెలను సాధించుకున్నారు. ఆ సంవత్సరమే ఆమె లండన్ పాఠశాలల బోర్డుకు ఎన్నికై, పేద పిల్లలకు బడిలో భోజనం అందాలని పోరాడారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠం తలకెక్కదని ఆమె గ్రహించారు. పిల్లలకు ఏమి చెప్పాలన్న ఆలోచన కన్న వారికి ఏమి కావాలన్న ఆలోచన ముందుండాలని ఈ అనుభవం ఆమెకు నేర్పింది.

దివ్యజ్ఞాన సమాజ సభ్యురాలిగా 1893లో ఆమె భారతదేశానికి వచ్చారు. పరాయి దేశపు పిల్లలకు పాఠాలు చెప్పడానికి ముందు తాను విద్యార్థినియై సంస్కృతం అభ్యసించారు. భగవద్గీతను ఆంగ్లంలోకి అనువదించారు. భారతీయ వస్త్రధారణను స్వీకరించారు. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించి, కాలక్రమంలో దానిని మదన్ మోహన్ మాలవీయ సంకల్పించిన హిందూ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 1915లో రాయలసీమలోని మదనపల్లెలో ఆమె పేరిట వెలసిన కళాశాల తెలుగునేలపై ఆమె విద్యాసేవకు చిహ్నం.

ఇంగ్లండులో బేడెన్ పవెల్ 1907లో ఇరవైమంది బాలురతో నిర్వహించిన శిబిరం బాలభటోద్యమానికి నాంది. ప్రథమ చికిత్స, దిక్కులను గుర్తించడం, గుడారాలలో జీవించడం, తోటివారికి సాయపడటం ఇందులోని శిక్షణాంశాలు. 1909లో ఈ ఉద్యమం బెంగుళూరుకు చేరింది. అయితే అది తొలుత ఐరోపా, ఆంగ్లో ఇండియన్ బాలురకు మాత్రమే పరిమితమైంది. భారతీయ బాలురకు ఇటువంటి శిక్షణ ఇస్తే వారు విప్లవకారులవుతారేమోనని పాలకులు శంకించారు. ఇది ఒక ఆటస్థలంలో ప్రవేశానికి సంబంధించిన చిన్న సమస్య కాదు. ఈ దేశపు పిల్లలు విశ్వాసానికి అర్హులా, కారా అన్నదే అందులోని అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు అనీబిసెంట్ ఆచరణతోనే సమాధానమిచ్చారు. డెబ్బై ఏళ్ళకు చేరువైన వయస్సులో, 1916లో, జార్జ్ అరండేల్ తోడ్పాటుతో మద్రాసు కేంద్రంగా భారతీయ బాలభట సంఘాన్ని ప్రారంభించారు. ఇంగ్లండులోని పద్ధతిని ఉన్నదున్నట్లు దిగుమతి చేయలేదు. ఆ బాలురు తలపాగా ధరించారు, భారతీయ గీతాలు పాడారు. శిక్షణాంశాలు అవే, కాని వాటికి దేశీయమైన రూపం లభించింది. నాయకత్వం అంటే అనుచరులను తనవలె మార్చడం కాదనీ, వారు తమవలె ఎదగడానికి తోడ్పడటమనీ దీనివల్ల స్పష్టమవుతుంది.

ఆ సంవత్సరమే ఆమె హోంరూల్ లీగును కూడా స్థాపించారు. 1917 జూన్‌లో ప్రభుత్వం ఆమెనూ, అరండేల్‌నూ, బి.పి. వాడియానూ నిర్బంధించింది. దేశవ్యాప్తంగా నిరసనలు చెలరేగడంతో సెప్టెంబరులో విడుదల చేసింది. ఆ డిసెంబరులో కలకత్తాలో జరిగిన జాతీయ కాంగ్రెసు మహాసభకు ఆమె అధ్యక్షత వహించారు. ఆ పదవిని అలంకరించిన తొలి మహిళ ఆమెయే.

కీర్తిశిఖరంపై నిలిచిన నాయకురాలికి కఠినమైన పరీక్ష తరువాత ఎదురైంది. 1920లో గాంధీజీ ప్రారంభించిన సహాయనిరాకరణోద్యమంతో ఆమె విభేదించారు. ప్రజాదరణ తగ్గింది. అటువంటి సమయంలో, 1921లో, బేడెన్ పవెల్ భారతదేశానికి వచ్చారు. భారతీయ బాలురకు ప్రవేశం కల్పించడానికి ఆయన సుముఖులయ్యారు. అనీబిసెంట్ ఎదుట రెండు మార్గాలు నిలిచాయి. తాను పెంచిన సంఘాన్ని ప్రత్యేకంగా నిలుపుకోవచ్చు, లేదా పెద్ద సంస్థలో విలీనం చేయవచ్చు. విలీనం చేస్తే పాలకులకు లొంగిపోయారన్న నింద రావచ్చు. అయినా ఆమె విలీనానికే మొగ్గుచూపారు. పిల్లలకు తలుపులు తెరిపించడమే తన లక్ష్యమైనప్పుడు, తలుపులు తెరుచుకున్నాక తన పేరిట వేరొక ఇల్లు అక్కరలేదని భావించారు. బేడెన్ పవెల్ ఆమెను భారతదేశ బాలభటులకు గౌరవ కమిషనరుగా నియమించారు.

అంతటితో ఐక్యత సిద్ధించలేదు. మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ ప్రభృతుల సేవాసమితి బాలభట సంఘం విడిగానే కొనసాగింది. స్వాతంత్ర్యానంతరం, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడి వేర్వేరు సంఘాలను ఏకం చేసింది. దానిని చూడటానికి అనీబిసెంట్ లేరు. 1933 సెప్టెంబరు 20న ఆమె అడయారులో కన్నుమూశారు.

బాలభట దళాలను నడిపే పెద్దలకు సైతం శిక్షణ అవసరమని బేడెన్ పవెల్ గుర్తించి, 1919లో లండన్ సమీపాన గిల్‌వెల్ పార్కులో అందుకు ఏర్పాటుచేశారు. అనీబిసెంట్ అటువంటి శిక్షణను జీవితంలోనే పొందారు. వికారాబాదు చెంత అనంతగిరి కొండలకు పిల్లలను శిబిరానికి తీసుకువెళ్ళే ఉపాధ్యాయుడికైనా, తాండూరులో సెలవునాటి సాయంత్రం జీతభత్యాలు ఆశించక దళాన్ని సమావేశపరచే యువకుడికైనా ఆమె జీవితం కొన్ని ప్రశ్నలు సంధిస్తుంది. ఈ సంవత్సరం నేను కొత్తగా ఏమి నేర్చుకోవాలి? పిల్లల అవసరాలను నేను ఎంతవరకు తెలుసుకున్నాను? నేను లేకపోయినా ఈ దళం నడిచేటట్లు ఎవరిని సిద్ధం చేస్తున్నాను? ఈ ప్రశ్నలకు నిజాయితీగా సమాధానాలు వెతికేవారే రేపటి పౌరులను తీర్చిదిద్దగలరు.