మంజీరను దాచిపెట్టిన ఇంజినీరు

మాది బోధన్. మా దిక్కు పొలాలకు పారే కాలువ నీళ్లు ఎక్కడివని అడిగితే చిన్నపిల్లలు కూడా నిజాంసాగర్ అంటరు. దాన్ని కట్టించిన ఇంజినీరు ఎవరంటే మాత్రం సివిల్ చదివే మాలో కూడా చాలామందికి పేరు గుర్తుకు రాదు. ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్.

అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ చేశారు. 1899లో తిరిగొచ్చి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు. 1918లో చీఫ్ ఇంజినీరయ్యారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, వైరా, పాలేరు, ఇవన్నీ ఆయన పేరుతో ముడిపడిన పనులే.

మన జిల్లాకు ఆయన ఇచ్చింది నిజాంసాగర్. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. సుమారు 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లెక్క. వరికి వానాకాలం నీళ్లతో ఎట్లనో గడుస్తది. చెరకు అట్ల కాదు, ఏడాది పొడుగునా తాగుతది. వాన పడ్డ రోజు కాదు, పైరు అడిగిన రోజు నీళ్లుండాలె. అందుకే జలాశయం వచ్చాకే, 1930ల చివర్లో, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ నిలబడగలిగింది.

కాంక్రీట్ క్లాసులో ఇంటర్నల్ క్యూరింగ్ చదువుతుంటే నాకు ఈయనే గుర్తొచ్చారు. మామూలుగా స్లాబ్ మీద గోనె సంచులు పరిచి నీళ్లు కొడతాం. కానీ ఫ్లైఓవర్లకు, హైవేలకు వాడే హై స్ట్రెంత్ కాంక్రీటులో నీళ్లు తక్కువ, గుల్లతనం తక్కువ. పైన పోసిన నీళ్లు లోపలి దాకా దిగవు. సిమెంటు లోపలున్న తేమనంతా పీల్చుకుంటది, కాంక్రీటు కుంచించుకుపోయి పగుళ్లొస్తయి. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి కడ్డీ తుప్పు పడుతది. దీనికి మందు సులువే: గుల్లగా, తేలికగా ఉండే కంకరను ముందే బాగా నానబెట్టి కలపాలి. సిమెంటు అడిగినప్పుడల్లా ఆ కంకర తనలోని నీళ్లు కొంచెం కొంచెంగా వదులుతది. ప్రతి గింజా ఒక చిన్న నిజాంసాగర్ అన్నమాట. ఈ పద్ధతి ఆయన తర్వాతి కాలంది. కానీ అవసరానికి ముందే నీటిని దాచాలన్న ఆలోచన ఒక్కటే.

ఆయన 1949 డిసెంబర్ 6న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుకుంటున్నాం. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో కుంచించుకుపోయి ఇప్పుడు 18 కూడా పట్టదు. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. డ్యామైనా, బ్రిడ్జైనా కట్టి వదిలేస్తే నిలవదు. లోపల దాచుకున్నది తరగకుండా చూసుకునేవాళ్లు కావాలె. ఆ పని ఇప్పుడు మనది. వచ్చే జులై 11న ఫొటోకు దండ వేశాక, ఒక బస్సు మాట్లాడుకుని నిజాంసాగర్ కట్ట మీదికి పోదాం.